‘సౌండ్ అదిరిపోద్ది’ అను వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: “ఒరేయ్, బీథోవెన్ ఐదోది కొంటే క్లైబర్‌ది కొనరా. సౌండ్ అదిరిపోద్ది!”

అవతారిక: ఒక ఆదివారము భోజనానంతరము, సింఫనీల సీడీలు కొనవలెనని బుద్ధి పుట్టిన వ్యాఖ్యాతకు బాల్యమిత్రుడు ఫోనులో చేసిన ఉపదేశమిది. మంత్రమువలె క్లుప్తము గనుక విప్పి చెప్పక తప్పదు.

ప్రతిపదార్థము: ఒరేయ్ = ఓ మిత్రుడా; ఐదోది = 1808 డిసెంబరు 22న వియన్నాలో తొలిసారి వినిపింపబడిన, సి మైనరునందలి అయిదవ సింఫనీని; కొంటే = కొనదలచినచో (కొనకుండుటయు నొక మార్గమని ధ్వని. ఇది ఇల్లాలి పక్షము); క్లైబర్‌ది = క్లైబరు నడిపించినదానిని; కొనరా = కొనుము; సౌండ్ = ధ్వని; అదిరిపోద్ది = క్రింద చూడుడు.

క్లైబర్‌ది: ఇచట శంక. రచించినది బీథోవెను, వాయించినది వాద్యబృందము. చేత పుల్ల తప్ప వాద్యమే లేనివానికి ఈ షష్ఠీవిభక్తి ఎట్లు చెల్లును? గరిటె పట్టకున్నను విందు వంటమేస్త్రీ పేరనే చెప్పుకొందురు గనుక చెల్లును. మరియు నిందు శ్లేష కలదు. క్లైబర్లు ఇద్దరు. తండ్రి ఎరిక్ 1953లో ఆమ్‌స్టర్‌డామ్ కన్సెర్ట్‌గెబౌ బృందముతో డెక్కా కొరకును, కొడుకు కార్లోస్ 1974లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో డాయిష్ గ్రామోఫోన్ కొరకును ఇదే సింఫనీని రికార్డు చేసిరి. తండ్రిది మోనో, కొడుకుది స్టీరియో. ‘సౌండ్’ అని తరువాతి వాక్యమున నుండుటచే కొడుకే గ్రాహ్యుడు. తండ్రి భక్తులు ఒప్పుకొనరు. వారితో మాకు వాదము లేదు.

సౌండ్: ఇందు మైకులనుబట్టి మతభేదములు. 1951లో షికాగోలో కూబెలిక్ నడిపిన ముసోర్గ్‌స్కీ కృతిని (అది సింఫనీ కాదు గాని ఉదాహరణకు పనికివచ్చును) మెర్క్యురీవారు ఒక్క మైకుతో పట్టిరి. వీరు అద్వైతులు. డెక్కావారు నిర్వాహకుని నెత్తిపై ‘టి’ ఆకారపు చట్రమునకు మూడు మైకులు బిగించిరి. వీరు త్రిమూర్త్యుపాసకులు. పిమ్మట వాద్యమున కొక మైకు చొప్పున నిలిపి మిక్సరు బల్లపై కలిపినవారు ముక్కోటి దేవతలను కొలిచినట్టే. వారి రికార్డింగులలో ప్రతి వాద్యమును చెవి దగ్గరకు వచ్చును. హాలు మాత్రము మాయమగును. వ్యాఖ్యాతకు త్రిమూర్తులందే గురి.

అదిరిపోద్ది: గట్టిగా మ్రోగుట యని మిత్రుని భావము. ఇది పూర్వపక్షము. వాల్యూము పెంచిన ఏదైనను అదురును. పరీక్ష వేరొకచోట నున్నది. మూడవ భాగము చివర తీగవాద్యములు ఊపిరి బిగబట్టి స్వరమును సాగదీయుచుండ, టింపనీ గుసగుసగా తట్టును. నడుమ విరామము లేకయే నాలుగవ భాగము సి మేజరున బ్రద్దలగును. అంతదాక ఊరకున్న ట్రాంబోనులు, పికలో, కాంట్రాబసూను అప్పుడు నోరు తెరచును. ఆ గుసగుస స్పష్టముగా వినబడునంత వాల్యూము పెట్టి, మరల ముట్టుకొనక కూర్చుండుడు. ట్రాంబోనులకు ఉలికిపడితిరా, కొనుడు. పడలేదా, రీమాస్టరు చేసినవాడు గుసగుసను కేకంత చేసెనని గ్రహింపుడు. ఒకే రికార్డింగునకు ఎల్పీ, తొలి సీడీ, కొత్త రీమాస్టరు అని పాఠాంతరములుండును. తాళపత్రప్రతులవలె పక్కపక్కన పెట్టి చూచుకొనవలెను.

విశేషము: లండనులోని కింగ్స్‌వే హాలు నిజముగనే అదిరెడిది. భూగర్భ రైలు దాని క్రిందుగా పోయెడిది. ఆ గురగుర నేటికిని కొన్ని రికార్డింగులలో, నెమ్మది ఘట్టములలో వినవచ్చును. చౌక స్పీకర్లలో రైలు రాదు. లక్షలు పోసినవారికే ఆ భాగ్యము.

తాత్పర్యము: ఇంత వ్రాసి మూలకర్తకు చదివి వినిపించితిని. తాను విన్నది ఫోను స్పీకరులో నని అతడు సెలవిచ్చెను. మరి అదిరినదేమిరా అని అడిగితిని.

“గ్లాసేరా. ఫోన్ స్టీలు గ్లాసులో పెట్టి విన్నా.”