ముఖం పడింది, హాజరు పడింది

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో 2022 నుంచి టీచర్ల హాజరు యాప్ చేతిలో ఉంది. ముఖం చూపిస్తే చాలు.

సిగ్నల్ కోసం సారు ఫోన్ పైకెత్తి ప్రహరీ గోడ వెంట ప్రదక్షిణం. దొరక్కపోతే వచ్చినా రానట్టే!

తర్వాత పిల్లల హాజరు. ఆపై మధ్యాహ్న భోజనం లెక్క. గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని... ఈలోగా బెల్లు.

వెనక బెంచీ వాడు మాత్రం మొదట్లోనే 'ప్రెజెంట్ సార్' అనేసి, పుస్తకం అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. పాపం, వాడి బాధ్యత వాడు నెరవేర్చాడు.

పదో తరగతి ఫలితాలొచ్చాయి, వాడు తప్పాడు. వాడి నాన్న సారును నిలదీశాడు. సారు వాణ్ని చూపించాడు. వాడు లెక్కల పేపరును చూపించాడు.

రికార్డులు తీస్తే, గురుశిష్యులిద్దరి హాజరూ నూటికి నూరు.

రానిదల్లా పాఠమే. దానికి ముఖం లేదుగా, యాప్ పట్టుకోలేకపోయింది!