యావరేజ్ పేస్

మా పై అంతస్తు కుర్రాడు (కుర్రాడంటే 42 ఏళ్ల కుర్రాడు) ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చాడు. ఫుల్ కాదు, హాఫ్. అంటే 21.1 కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర పొద్దున్నే బయల్దేరి, జూబ్లీహిల్స్ మిట్టపల్లాలన్నీ ఎక్కి దిగి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదుగా గచ్చిబౌలి స్టేడియంలో తేలాలి. అప్పటిదాకా అతను పరిగెత్తిందల్లా విమానం గేటు మూసేస్తున్నారన్నప్పుడే.

మర్నాటి నుంచి ఆ ఇల్లు శిక్షణ శిబిరమైపోయింది. ఫ్రిజ్ తలుపు మీద 16 వారాల టైంటేబులు. సోమవారం విశ్రాంతి. మంగళవారం ఇంటర్వల్స్: 400 మీటర్లు ప్రాణం నోట్లోకి వచ్చేలా పరిగెత్తి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్లీ అదే. బుధవారం ఈజీ రన్, పక్కవాడితో కబుర్లు చెప్పగలిగేంత మెల్లిగా. ఆదివారం తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూ లాంగ్ రన్. 6 కిలోమీటర్లతో మొదలై మెల్లమెల్లగా 18కి పాకాలి. మొత్తం 21 ఓసారి ముందే పరిగెత్తి చూసుకోవచ్చుగా అంటే నాకేసి జాలిగా చూశాడు. "కొత్తవాళ్లకి 18 చాలండీ. మిగతా మూడూ రేసు రోజు జనమే లాక్కుపోతారు." అదేం కోత కాదు, నేర్పేవాళ్లు చాలామంది చెప్పేదే.

చేతికి ఒక వాచీ. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పట్టింది, రాత్రి ఎంత గాఢంగా నిద్రపోయాడు, అన్నీ చెబుతుంది. ఆ అంకెలు వాచీలోంచి ఫోన్లోకి, ఫోన్లోంచి స్నేహితుల కళ్లలోకి వెళతాయి. అసలు పరుగు అక్కడ.

ఆ ఇంట్లో వాళ్లమ్మగారు కూడా ఉంటారు. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. రోజూ కాస్త నడవాలి, కొన్నాళ్లు పక్కన మనిషి ఉండాలి అన్నాడు డాక్టరు. వీధి చివర ఆంజనేయస్వామి గుడి ఉంది. అక్కడిదాకా వెళ్లి రావాలని ఆవిడ కోరిక. దూరమేం లేదు గానీ మధ్యలో రోడ్డు దాటాలి. రాంగ్ రూట్లో దూసుకొచ్చే బైకులకి చేతికర్ర పట్టుకున్న మామ్మ కనబడదు.

సోమవారం అడిగారు. "రెస్ట్ డే అమ్మా, కాళ్లకి పని చెప్పకూడదు."

మంగళవారం కాళ్లు పని చెబితే వినే స్థితిలో లేవు.

బుధవారం ఇంకాస్త గట్టిగా అడిగారు. "ఇవాళ ఎలాగూ మెల్లిగా వెళ్లే రోజే అన్నావుగా. ఆ మెల్లిదేదో నాతో నడవరా."

అతను వాచీ చూపించాడు. "నీతో నడిస్తే నా యావరేజ్ పేస్ పాడైపోతుందమ్మా."

ఆ వాచీ తీసి బల్ల మీద పెట్టి వెళ్లొచ్చుగా అనిపించింది నాకు. పొరుగింటి సంగతి, ఊరుకున్నాను. ఆవిడకి యావరేజ్ పేస్ అంటే ఏమిటో తెలీదు. కొడుకుది ఏదో పాడవుతుందంటే ఇంకేం పట్టుబడతారు? బాల్కనీలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం మొదలుపెట్టారు.

జూలై ముసురు పట్టింది. గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అతను 15 దగ్గర ఆగిపోవడం మొదలైంది. కోచ్ అన్నాడట, "కాళ్లు కాదు సార్, మీ బుర్ర ఆగిపోతోంది" అని. 21 అని తలుచుకోవద్దు, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం దాకా అనుకోమన్నాడు. రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని దారంతా ఓసారి పరిగెత్తమన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి కోసం పరిగెత్తుతున్నారో తేల్చుకుని అది కార్డు మీద రాసి వీపుకి తగిలించుకోండి, ఊపిరి అందనప్పుడు ఆ మనిషే మిమ్మల్ని లాక్కెళుతుంది అన్నాడు. భార్యని అడిగాడు. "నన్నిందులోకి లాగకండి" అంది. చాలా ఆలోచించి ఒక పేరు ఖాయం చేసుకున్నాడు.

రేసు వారం కొత్త బూట్లు వద్దు, కొత్త తిండి వద్దు, పరుగు తక్కువ, నిద్ర ఎక్కువ. కండరాల్లో పిండిపదార్థం నిండాలని చివరి రెండు రోజులూ అన్నం, బంగాళాదుంప వేపుడు. అమ్మ చేతి వేపుడైతేనే ఒంటికి అలవాటు అన్నాడు. ఆవిడ స్టవ్ ముందు ఒక కాలి మీద బరువు మోపి నిలబడి చేసిపెట్టారు.

పూర్తి చేశాడు. జూబ్లీహిల్స్ ఎత్తుల్లో నడిచినా, కేబుల్ బ్రిడ్జి మీద పుంజుకుని స్టేడియంలోకి పరుగు మీదే చేరాడు. వెనకనుంచి ఎవరో తీసిన ఫోటో సాయంత్రానికి ఫేస్‌బుక్ అంతా తిరిగింది. కింద కళ్లనీళ్ల బొమ్మలు, దణ్ణాల బొమ్మలు.

అభినందించి వద్దామని పైకెళ్లాను. సోఫాలో కాళ్లు బారచాపి, మోకాళ్ల మీద ఐసు ముక్కల సంచులు పెట్టుకుని, మెడలో పతకంతో ఉన్నాడు. పక్కన కూర్చున్న తల్లికి ఫోటో పెద్దది చేసి చూపిస్తున్నాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, అతని వీపు మీది కార్డుని కూడబలుక్కుంటూ చదివారు.

"అమ్మ... కోసం. నా కోసమా?"

"నీ కోసమేనమ్మా."

"ఎంత దూరం నాన్నా?"

"21 కిలోమీటర్లు. ఇంకో వంద మీటర్లు పైన."

ఆవిడ కొడుకు పాదం మీద చెయ్యి వేసి నిమిరారు.

"పిచ్చినాన్నా, అంత దూరం దేనికిరా! నాకు గుడి దాకా చాలు."