అన్నం నిర్దోషి

ఆంధ్రుల రోగాలన్నిటికీ అన్నమే మూలమని ఏడేళ్ళ కిందట మా పార్కులో ఒక యోగా మాస్టారు సెలవిచ్చారు. ఆయన చెప్పిన తీరుకి ఆ రాత్రి కంచంలో అన్నం చూస్తేనే నాకు భయమేసింది. మర్నాటి నుంచి పొద్దున గోధుమరవ్వ ఉప్మా, రాత్రి మూడు పుల్కాలు. నెల తిరక్కుండా ఇరుగుపొరుగుకి ఉపన్యాసాలిచ్చే స్థాయికి ఎదిగాను.

తర్వాత పొట్ట కూడా ఎదిగింది. ఒళ్ళు మాత్రం చిక్కిపోయింది. చేతులు పుల్లలు, పొట్ట కుండ. నలభై రెండో ఏట గుడిలో ఒక పెద్దావిడ "ఎన్నో నెలమ్మా?" అని ఆప్యాయంగా అడిగింది. "ఇరవై ఎనిమిదండీ" అన్నాను. పుల్కాలు మొదలుపెట్టి అన్నాళ్ళయింది మరి.

గ్యాసని ఒకరు, అల్సరని ఒకరు మందులిచ్చారు. ఒక పెద్ద డాక్టరు ఫైలు మూసేసి "ఏం లేదమ్మా, టెన్షన్" అన్నారు. నిజమే, ఆయన ఫీజు విన్నాక మొదలైంది. హిమోగ్లోబిన్ 7.8. ఇనుప కొట్టు మొత్తం మింగినా ఒంటికి పట్టేలా లేదు. నోరు పూసేది, జుట్టు దువ్వెనకే అంటుకుని వచ్చేసేది. మా అత్తయ్య ఎండుమిరపకాయలు తిప్పి స్టవ్ మీద కాల్చారు. ఘాటు రాలేదు కాబట్టి ఖాయంగా దిష్టేనన్నారు. పైన చిమ్నీ తిరుగుతున్న సంగతి ఎవరూ గమనించలేదు.

అన్నిటినీ మించింది పథ్యం. మన ఇళ్ళల్లో కడుపు బాగోలేదంటే అన్నం బందు, బ్రెడ్డు హాజరు! విరేచనాలైతే బ్రెడ్డు, కాస్త తెరిపిన పడితే రవ్వ జావ, నీరసానికి పాలల్లో మాల్టు పొడి. మాల్టంటే మొలకెత్తించిన బార్లీ అని నాకప్పుడు తెలీదు. ఇంటిల్లిపాదీ కలిసి నా శత్రువుని చెంచాతో, ప్రేమగా, నా నోట్లోనే పెట్టారు.

చివరికి ఒక కుర్ర డాక్టరు "ఏం తింటారమ్మా?" అనడిగాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. "అన్నం పెద్దగా ముట్టను బాబూ, అంతా గోధుమే" అన్నాను గర్వంగా. అతను పెన్ను కింద పెట్టాడు.

రక్తపరీక్షలో అనుమానం, ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీసి చూస్తే రుజువు. సీలియాక్! గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ తగిలితే చాలు, నన్ను కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నా పేగు మీద లాఠీచార్జి చేస్తుందట. లోపల టర్కీ తువ్వాలులా నూగునూగుగా ఉండాల్సిన పేగు నాపరాయిలా నున్నబడిపోయింది. ఇక ఇనుము దేన్ని పట్టుకుని ఎక్కుతుంది? పంజాబులో అయితే ఈపాటికి ఎవరో ఒకరు అనుమానించేవారేమో. గోదావరి మనిషికి గోధుమ జబ్బేమిటని ఇక్కడెవరికీ తట్టలేదు.

అన్నట్టు, ఎండోస్కోపీ అయ్యేదాకా గోధుమ మానొద్దన్నాడు. మానేస్తే జబ్బు పరీక్షకి దొరక్కపోవచ్చట. ఆ వారమంతా కాజాలకీ, మైసూరు బజ్జీలకీ, బొబ్బట్లకీ వేర్వేరుగా వీడ్కోలు సభలు జరిపాను. కడుపునొప్పితోనే.

నెదర్లాండ్స్‌లో డికె అనే పిల్లల డాక్టరు గోధుమే దోషి అన్న ఈ గుట్టు 1950లోనే రాసిపెట్టాడు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల కరువొచ్చి రొట్టె దొరక్క ఊళ్ళకి ఊళ్ళు మాడుతుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారట. దాంతో ఆయనకి రొట్టె మీద అంతకుముందే ఉన్న అనుమానం గట్టిపడింది. ఈ కథ ఫోన్‌లో చెబితే మా అమ్మ "యుద్ధం దాకా ఎందుకే, ఏడేళ్ళుగా అన్నం తిని చావమని నేను మొత్తుకోలేదూ?" అంది.

అన్నం తిన్నాను. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, మూడు పూటలా. మూడు నెలల్లో మనిషినయ్యాను. కానీ ఆర్నెల్ల పరీక్షలో యాంటీబాడీలు అనుకున్నంత దిగలేదు. వంటిల్లంతా సోదా చేశాను. దొంగ దొరికింది. ఇంగువ డబ్బా! వెనక చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమపిండి అని రాసుంది. పులిహోరలో, పప్పుచారులో, మజ్జిగ పులుసులో చిటికెడు చిటికెడుగా లోపలికొస్తోంది. గ్లూటెన్ లేదని చీటీ అంటించాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు నిబంధన. ఆ లెక్కన మా ఇంగువ డబ్బా ఓ పిండిమర. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి తెచ్చుకుంటున్నాను. హిమోగ్లోబిన్ 12.4.

ఇక మిగిలింది దేవుడు. తిరుపతి వెంకన్నది శనగపిండి లడ్డు, కాబట్టి ఆయనతో పేచీ లేదు. అన్నవరం సత్యదేవుడిదే గోధుమనూక ప్రసాదం. మొన్న మా ఆడపడుచు ఇంట్లో వ్రతం. ప్రసాదం కళ్ళకద్దుకుని మా ఆయన చేతిలో పెట్టేశాను. పంతులుగారు అప్పుడే కథ ముగించారు: ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తిన కళావతి, మునిగిపోయిన ఆమె మొగుడి పడవ. అందరూ ఒకసారి నావైపు, ఒకసారి మా ఆయనవైపు చూశారు.

మాకు పడవ లేదు. స్కూటరుంది. మర్నాడు ఆయన ఆఫీసుకి బస్సులో వెళ్ళారు.