నెల రోజుల ప్రేమ, రెండు గంటల్లో

2025 డిసెంబరులో మూడు విడతల్లో సర్పంచులు గెలిచారో లేదో, సంక్రాంతికల్లా నాయకుల పేరున రోజూ పోస్టర్లు పెట్టే ప్యాకేజీ ఒకటి అందరి ఫోన్లలోకీ దిగింది. దాని మాట ఒకటే: "రోజూ కనిపించండి, టైం మాత్రం పెట్టకండి." నెలకోసారి రెండు గంటలు కూర్చుని, నాలుగు చొక్కాలు మార్చి, దండం పెడుతూ కొన్ని ఫొటోలు, వేలు చూపిస్తూ కొన్ని, మొక్కకు నీళ్లు పోస్తూ ఒకటి దిగితే పని అయిపోయినట్టే. ఇక ముప్పై రోజులు ఆ పెద్దమనిషి నిద్రపోయినా ఊరి మీద ఆయన ప్రేమ పొద్దున్నే ఆరింటికి ఠంచనుగా కురుస్తుంది.

మా మానవపాడు వైపు ఈ తెగులు కిందిదాకా ఇప్పుడే పాకింది కానీ పైవాళ్లకు ఎప్పుడో పట్టింది. సర్పంచుకు గౌరవ వేతనం నెలకు 6,500. అదీ నెలనెలా చేతికొస్తే ఊరంతా స్వీట్లు పంచొచ్చు. వీధిలైటు మార్చాలన్నా ట్రాక్టరులో డీజిల్ పోయించాలన్నా సొంత జేబే తడుముకునే మనిషి, ఆ వచ్చే నాలుగు రూకలనూ గుడ్‌మార్నింగుల ఖాతాలో వేయాలన్నమాట. లేకపోతే జనం మర్చిపోతారట. నిన్న మొన్న ఓటేసిన జనం!

పక్కనే అలంపూర్‌లో జోగులాంబ అమ్మవారు ఉంది. ఆమె నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కసారే, వసంత పంచమి నాడు. దానికోసం జనం కర్నూలు నుంచీ వస్తారు, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మిగతా రోజులు నిజరూపం చూపకపోయినా అమ్మవారిని ఎవరూ మర్చిపోలేదు. ఆ తల్లికి మొక్కే మన నాయకులకు మాత్రం రోజుకు మూడు దర్శనాలిస్తే గానీ నమ్మకం చాలడం లేదు.

సరే, దర్శనాల సంగతికి వద్దాం. సంక్రాంతికి నా ఫోన్‌కు వచ్చిన పోస్టరు ఒకటి ఇంకా దాచుకున్నాను. మధ్యలో నాయకుడు, రెండు చేతులూ జోడించి. ఫొటో వెనకున్నది చెరిపేసేటప్పుడు ఎడమ చెవి కూడా చెరిగిపోయింది. ఆయన వెనక కొబ్బరితోట, కాలవలో పడవ, కోనసీమంతా అక్కడే ఉంది. మానవపాడులో పడవ! ముందు రెండు ఎద్దులు. కంప్యూటరు గీసిన ఎద్దులు కాబట్టి ఒకదానికి ఐదు కాళ్లు. మూల మీద పార్టీ పెద్దల తలలు వరసగా, హోదాను బట్టి సైజు. అసలు సంక్రాంతినాటికి ఇక్కడ ఊళ్లన్నీ మిర్చి కోతల్లో ఉంటాయి. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, ఘాటుకు తుమ్ముతూ తాలుకాయలు ఏరే ఆడవాళ్లు, రేటు ఎంతుందని గుంటూరుకు ఫోన్లు. చూడాలనుకుంటే పోస్టరుకు పనికొచ్చే రంగు అక్కడే ఉంది. కానీ చూడాలంటే కల్లానికి పోవాలి. పోవాలంటే టైం కావాలి. ప్యాకేజీ కొన్నదే అది పెట్టకుండా ఉండటానికాయె.

ఇక ఆ పోస్టర్ల క్యాలెండరు చూడండి. ఫ్రెండ్‌షిప్ డే ఉంది, డాటర్స్ డే ఉంది, యోగా డే ఉంది, ఫొటోగ్రఫీ డే కూడా ఉంది. ఏరువాక పున్నమి లేదు. ఎద్దులను కడిగి, రంగులు పూసి ఊరేగించే పండుగ, సేద్యం చేసే ఊళ్లకు అంతకంటే పెద్ద రోజు ఏముంది? లేదు మరి, టెంప్లేట్ తయారుచేసిన వాడికి దాని సంగతి తెలియదు. ఇదేంటని స్టేషన్ రోడ్డులో పోస్టర్లు చేసే పిల్లగాన్ని అడిగాను. "అది లిస్టుల రాదన్నా, మీకు కావాలంటె కస్టమ్ కింద చేస్తా, ఎక్స్‌ట్రా అయితది" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, నలుగురు నాయకుల ప్రేమను ఒక్క చేత్తో పంచుతూ బతుకుతున్నాడు. నలుగురిదీ ఒకటే వాక్యం, పేర్లే మారతాయి. ఒకసారి పేరు మార్చడం మర్చిపోయి ఒక పార్టీ ఆయన పేజీలో ఇంకో పార్టీ ఆయన కృతజ్ఞతలు చెప్పాడు. లైకులు మాత్రం ఎప్పుడూ వచ్చినన్నే వచ్చాయి.

ప్యాకేజీలో కామెంట్లకు జవాబులు కూడా కలిపే ఇస్తున్నారు. "సార్ మా ఊరికి నీళ్ల ట్యాంకు మోటరు కాలి వారమాయె" అని ఒకాయన రాస్తే, "మీ అభిమానానికి హృదయపూర్వక ధన్యవాదాలు" అని క్షణంలో జవాబు. అంత వేగంగా మోటరు వైండింగ్ అయితే ఎంత బాగుండును.

మా చిన్నాయన పోయి ఏడాది దాటింది. పాడె లేచేముందు ఒక నాయకుడు కారు దిగి దండ వేశాడు, ఫొటోకు ఆగాడు, వెళ్లిపోయాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఆయన పేజీలో ఉంది. మొన్న చిన్నాయన ఫోన్‌కు, అంటే ఇప్పుడు చిన్నమ్మ దగ్గరున్న ఫోన్‌కు, అదే నాయకుడి నుంచి కేకు బొమ్మతో జన్మదిన శుభాకాంక్షలు వచ్చాయి. నిండు నూరేళ్లు చల్లగా ఉండాలట. ఎప్పుడో పార్టీ సభ్యత్వం రాయించుకున్నప్పటి పుట్టినరోజు తేదీ అది. చిన్నమ్మకు చదువు రాదు. ఎవరు పంపిండ్రు, ఏమని పంపిండ్రు, చదువమని నా చేతికిచ్చింది. ఏం చదవాలయ్యా? దండ వేసింది నువ్వే, నూరేళ్లు ఇచ్చింది నువ్వే. ఈ రెండిట్లో ఏదో ఒకదాని దగ్గరైనా నువ్వు నిజంగా ఉన్నావా?

టైం లేదంటారు. ఎందుకు లేదు? మీరు గెలిచిందే మా కోసం టైం పెడతామని. కూలీకి పోయే మనిషి టైం లేదంటే అర్థముంది, రెండెకరాల పత్తి పెట్టినవాడు అంటే అర్థముంది. మనుషుల కోసం అని ఓట్లు అడుక్కుని, మనుషులు మాత్రం నెలకు రెండు గంటల్లో తెమిలిపోవాలనడం సిగ్గులేనితనం. మిర్చి చేలో దిష్టిబొమ్మ కూడా వానకూ ఎండకూ రోజూ కనిపిస్తుంది. దానికి మేం ఓటెయ్యలేదు.

2025 జూన్ 4న రాజోలి మండలం పెద్దధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు తిరగబడ్డారు. తర్వాత కేసులు, అరెస్టులు. రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. జూన్ 4 తర్వాతి రోజు ఏమిటో ప్యాకేజీలవాళ్లకు బాగా తెలుసు. ప్రపంచ పర్యావరణ దినోత్సవం. పచ్చటి భూగోళం, రెండు అరచేతుల మధ్య మొలక, పక్కన చిరునవ్వు, అన్నీ నెల ముందే సిద్ధంగా ఉండే రోజు. మా నీళ్లు, మా గాలి, మా భూమి అని పక్క ఊరివాళ్లు లాఠీలకు ఎదురు నిలబడిన సంగతి క్యాలెండరుకు తెలియదు. అది ముందే నింపిపెట్టిన క్యాలెండరు. ఫ్యాక్టరీ కావాలంటారా, వద్దంటారా, నోరు తెరిచి చెప్పడానికి నాయకుడే కావాలి. ఆ మాటకు టెంప్లేటు ఉండదు, షెడ్యూలు ఉండదు, పైగా రేపు దానికి జవాబు చెప్పుకోవాలి. ఈ రోజూ కనిపించే యావంతా ఆ ఒక్క మాట తప్పించుకోవడానికే అని నా అనుమానం. అనుమానం కూడా కాదు.

చెప్పేదేమీ లేని రోజు ఊరుకుంటే ఏం పోతుంది? వారం రోజులు ఏమీ పెట్టకండి. పదో రోజున ఫలానా కాలనీలో మోరీ తీయించాం, ఇంత ఖర్చయింది, బిల్లు ఇదీ అని ఒక్క పోస్టు పెట్టండి. చెవి తెగినా పర్వాలేదు, అందరం చూస్తాం.

ఆ క్యాలెండరులోనే ఇంకో రోజు మార్చి 22, ప్రపంచ నీటి దినోత్సవం. దానికీ పోస్టరు ముందే తయారై ఉంటుంది: నీలిరంగు చుక్క, పొదుపు సందేశం. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కింద మన వాటా 15.9 టీఎంసీలని, ఆయకట్టు 87,500 ఎకరాలని చిన్నప్పటి నుంచి వింటున్నాం. రాజోలిబండ ఆనకట్ట కర్ణాటకలో, చివరి భూములు మావి. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేసరికి కాలువలో నీళ్ల కంటే హామీలే ఎక్కువ పారాయి. ఆ లోటు తీర్చడానికే తుమ్మిళ్ల ఎత్తిపోతల కట్టారు. దాని కిందే అనుకున్న మల్లమ్మకుంట, జూలకల్, వల్లూరు రిజర్వాయర్ల మాట ప్రతి ఎన్నికకూ కొత్తగా వింటాం. నీళ్లు పొదుపు చేయమని చివరి ఆయకట్టు రైతుకు చెప్పడానికి మాత్రం గుండె ధైర్యం కావాలి, ఒప్పుకోవాలి.

ఆ రోజు పోస్టరు ఆపేసి చివరి తూము దగ్గరికి రండి. సర్పంచులు, వాళ్ల పైవాళ్లు, ఆ పైవాళ్లు, అందరూ. ఫొటోలు మేమే తీస్తాం, డబ్బులు అక్కర్లేదు. ఒక్కటే షరతు, వెనకున్నది చెరపకూడదు.