పైకప్పు పెరిగింది, కొలత తప్పింది

వ్యాను కొనుక్కుని, అందులోనే కాపురం పెట్టి అమెరికా అంతా తిరుగుతామనే తెలుగు పిల్లలు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. తిరగమనే అంటాను. ఇంటి అప్పు తీర్చడానికే పుట్టామా? నా గొడవల్లా వాళ్లు ఆ వ్యాను ఎంచుకునే తీరు గురించే. ఆస్టిన్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "పెదనాన్నా, స్ప్రింటర్ తీసుకోమంటావా, ట్రాన్సిట్ తీసుకోమంటావా?" అన్నాడు. "ముందు నీ పొడుగెంతో చెప్పరా" అన్నాను. దానికీ దీనికీ ఏంటి సంబంధమని విసుక్కున్నాడు. రంగు మాత్రం అప్పటికే ఖాయం చేసుకున్నాడు.

మా రోజుల్లో పొడుగు సంగతి అడగాల్సిన పనే లేదు. ఎవరి పొడుగూ ఏ వ్యానులోనూ పట్టేది కాదు. 1970ల్లో, 80ల్లో ఇక్కడ వ్యానంటే ఫోర్డ్ ఎకనోలైన్, డాడ్జ్, షెవర్లే. మూడింటిలోనూ లోపలి ఎత్తు నాలుగున్నర అడుగులకు అటూ ఇటూ. వంగి లోపలికి వెళ్లాలి, వంగి బయటికి రావాలి, ప్యాంటు తొడుక్కోవాలంటే వెల్లకిలా పడుకోవాలి. వానపడితే మా ఆవిడ వెనక తలుపులు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని కోల్‌మన్ పొయ్యి మీద అన్నం వండేది. వెస్ట్‌ఫాలియా తయారుచేసిన ఫోక్స్‌వాగన్ ఉన్నవాడు కప్పు పైకి లేపి గుడ్డగోడల మధ్య నిలబడేవాడు, ఈదురుగాలి మొదలవగానే దించుకునేవాడు. డబ్బు దండిగా ఉన్నవాడు ఎకనోలైన్ కప్పు కోయించి పైన ఫైబర్‌గ్లాస్ కప్పు బిగించుకునేవాడు. మిగతా అందరం నడుం వంచుకునే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి దాకా, ఎల్లోస్టోన్ దాకా వెళ్లొచ్చాం.

కాని ఆ బళ్ల దగ్గర ఒక గొప్ప గుణం ఉండేది. ఫోర్డ్ 300 ఆరు సిలిండర్ల ఇంజను గానీ, షెవర్లే 350 గానీ నెబ్రాస్కాలో ఏ మారుమూల ఆగిపోయినా, అక్కడి మెకానిక్‌కు దాని లోగుట్టు తెలుసు. అవే ఇంజన్లు వాళ్ల ఊరి ట్రక్కుల్లోనూ ఉండేవి. ఫోక్స్‌వాగన్ వాళ్లయితే జాన్ మ్యూర్ 1969లో రాసిన మరమ్మతుల పుస్తకం సీటు కింద పెట్టుకుని, రోడ్డు పక్కనే వాల్వులు సరిచేసుకునేవారు. అవి కొలరాడో కొండల్లో పదకొండు వేల అడుగులు దాటిన ఐసెన్‌హోవర్ సొరంగం ఎక్కేటప్పుడు వెనకాల పెద్ద క్యూ కట్టించేవి, నిజమే. ఎక్కేవి మాత్రం.

నిలబడగలిగే వ్యాను ఈ దేశానికి యూరప్ నుంచి వచ్చింది. అదీ చాలా ఆలస్యంగా. అమెరికా కోళ్ల మీద యూరప్ సుంకం వేసిందన్న కోపంతో ఇక్కడివాళ్లు 1964 నుంచి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేశారు. సరుకుల వ్యాను కూడా ఆ లెక్కలోకే వచ్చింది. అందుకే 2001లో స్ప్రింటర్‌ను ఇక్కడ అమ్మడం మొదలుపెట్టినప్పుడు, జర్మనీలో తయారైన బండిని విడగొట్టి, ఓడలో తెచ్చి, దక్షిణ కరొలైనాలో మళ్లీ బిగించి అమ్మారు. కోళ్ల తగాదా ఎప్పుడో చల్లారినా మా నడుములు మాత్రం దాని ఫలితం అనుభవిస్తూనే ఉన్నాయి. తర్వాత 2014 మోడల్‌గా ఫియట్ డుకాటో నుంచి పుట్టిన రామ్ ప్రోమాస్టర్, ఆ మరుసటేడు మోడల్‌గా ఫోర్డ్ ట్రాన్సిట్ వచ్చాయి. మా వయసువాళ్లకు అది పెద్ద వరం. మొదటిసారి వ్యాను లోపల తల ఎత్తి నిలబడి చొక్కా గుండీలు పెట్టుకున్నప్పుడు నాకు నిజంగా సంతోషం ముంచుకొచ్చింది.

ఆ వరాన్ని ఇప్పటి పిల్లలు ఏం చేస్తున్నారు? మామూలు హైరూఫ్ ప్రోమాస్టర్ లోపల ఎత్తు 76 అంగుళాలు, స్ప్రింటర్‌కు 79 దాకా, ట్రాన్సిట్‌కు 81 పైన. కింద ఇన్సులేషను, దాని మీద ప్లైవుడ్డు, దాని మీద నేల. పైన మళ్లీ ఇన్సులేషను, చట్రం, ఫొటోల్లో చూసి మోజుపడ్డ దేవదారు పలకలు. మూడు నాలుగు అంగుళాలు అక్కడే పోతాయి. ఆరడుగుల కుర్రాడికి 76 అంగుళాల బండిలో ఇక జుట్టు కప్పుకు రాసుకుంటుంది. హైరూఫ్‌కని అదనంగా డబ్బు పోసి, ఆ ఎత్తును చెక్కపలకలకు ధారపోయడం ఏం తెలివి? మా ఆవిడది అయిదడుగుల రెండంగుళాలు. ఆమెకు మీడియం రూఫ్ ట్రాన్సిట్‌లోని 72 అంగుళాలే ధారాళం. ఎవరికెంత కావాలో వాళ్ల ఒళ్లు చెబుతుంది, ప్రచార పుస్తకం చెప్పదు.

పడక సంగతి ఇంకా ముఖ్యం. మంచం అడ్డంగా వేసుకోగలిగితే రెండడుగుల చోటు మిగులుతుంది, ఆ చోటులో వంటిల్లు పడుతుంది. ప్రోమాస్టర్ గోడలు నిటారుగా ఉంటాయి, వెడల్పు 75 అంగుళాల పైచిలుకు. ట్రాన్సిట్, స్ప్రింటర్ 70 దగ్గరే ఆగిపోతాయి. గోడలకు దూది, పలకలు వేశాక వాటిలో అయిదున్నర అడుగుల మనిషి కాళ్లు చాపుకోవడం కష్టం. అందుకని గోడ కోయించి బయటికి ఉబ్బెత్తు డొప్పలు బిగించుకుంటున్నారు. మనవాళ్లలో ఎక్కువమంది అయిదున్నర చుట్టూనే కదా, ఆ ఖర్చు లేకుండానే ప్రోమాస్టర్‌లో హాయిగా పడుకోవచ్చు. పైగా దాని ఇంజను క్రైస్లర్ మినీవ్యాన్లలోనూ, జీపుల్లోనూ ఉన్న 3.6 లీటర్లదే, అది తెలియని మెకానిక్ ఉండడు. ముందు చక్రాలు తిప్పే బండి కాబట్టి నేల కూడా కిందికి ఉంటుంది. "దానికి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు పెదనాన్నా" అంటాడు మావాడు. లేకపోతే ఏం? ఏడాదంతా వాల్‌మార్ట్ పార్కింగులోనూ, తారు రోడ్డు మీదా ఉండే బండికి ఎడారి టైర్లెందుకు?

ఆ హంగులతోనే ధర లక్ష డాలర్లు దాటిపోతోంది. కంపెనీవాళ్లు సిద్ధం చేసి అమ్మే బళ్లు కొన్ని రెండు లక్షల దాకా వెళుతున్నాయి. అప్పుల్లేకుండా బతుకుతామని బయల్దేరినవాళ్లు కదూ వీళ్లు! ఇక ఇప్పటి డీజిల్ బండి పొగ శుద్ధి చేసే ద్రవం అయిపోయినా, దాని సెన్సరు చెడినా, ఇంకెన్నిసార్లు స్టార్టు అవుతుందో లెక్కపెట్టి చెబుతుంది. నెవాడా ఎడారిలో ఆ లెక్క తగ్గుతూ వస్తుంటే డీలరు మూడు వందల మైళ్ల దూరాన ఉంటాడు. పక్క ఊరి మెకానిక్ దగ్గర దాని కంప్యూటరుతో మాట్లాడే పరికరం ఉండదు.

బరువు ఊసెత్తేవాడే లేడు. గాలన్ నీళ్లు ఎనిమిది పౌన్లు దాటి తూగుతాయి, ముప్పయి గాలన్లంటే 250 పౌన్లు. బ్యాటరీలు, ఫ్రిజ్జు, దేవదారు, ఇద్దరు మనుషులు, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ అన్నీ కలిపి తూకం వేయించకుండానే బండి ఘాట్ రోడ్డు దిగుతుంది. ఆ బరువును ఆపాల్సింది బ్రేకులే. ట్రక్కులు ఆగే పెద్ద బంకుల్లో తూకం యంత్రాలుంటాయి, పది పదిహేను డాలర్లతో పని అయిపోతుంది. దయచేసి వేయించండి.

పోపు గురించి ఎవరూ ఆలోచించరు. ఎండుమిరపకాయ వేగిన ఘాటు వ్యాను దూదిలో పట్టుకుంటే నెల రోజులు వదలదు. కప్పులో ఫ్యాను పొయ్యికి నేరుగా పైన ఉండాలి, పక్కన కిటికీ తెరుచుకోవాలి. మంచానికి పైన ఫ్యాను బిగించి, పొయ్యిని తలుపు దగ్గర పెట్టే నమూనాలు ఎవరో రొట్టె తిని బతికేవాళ్లు గీసినవి. వాటిని మనం యథాతథంగా దించుకోకూడదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది సీట్లు. సరుకుల వ్యానులో ఉండేవి రెండే. మా పాత ఎకనోలైన్‌లో వెనక బెంచీ ఉండేది. పిల్లలూ, ఊరి నుంచి వచ్చిన మా అమ్మా దాని మీద కూర్చుని గ్రాండ్ కాన్యన్ చూసొచ్చారు. ఇప్పుడు తల్లిదండ్రులు తెనాలి నుంచో, ఖమ్మం నుంచో ఆర్నెల్ల కోసం వస్తారు. కొడుకూ కోడలూ ఆ రెండు సీట్లలో కూర్చుని యూటా వెళ్లిపోతారు, పెద్దవాళ్లు ఇంట్లో టీవీ ముందు మిగిలిపోతారు. వెనక పరుపు మీద కూర్చోబెట్టి తీసుకెళ్లడం చట్టానికీ ప్రాణానికీ రెంటికీ మంచిది కాదు. ట్రాన్సిట్‌లోనూ, స్ప్రింటర్‌లోనూ క్రూ వ్యాన్ అనే రకం ఉంది. కంపెనీయే బెల్టులతో సహా బిగించిన రెండో వరస సీట్లు దానికి వస్తాయి. హైరూఫ్ కూడా దొరుకుతుంది. వంటగట్టు రెండడుగులు తగ్గించుకుంటే చాలు. మెట్టు మాత్రం ఒకటి అదనంగా వేయించాలి, ఆ ఎత్తు మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కలేరు. కొనేవాళ్లలో ఆ రకం ఉందని తెలిసినవాడే నాకింకా తగల్లేదు.