చెవిని నోరెత్తనీయకండి

ఈమధ్య కొన్ని ఆస్పత్రుల్లో బిడ్డ పుట్టిన రెండో రోజో మూడో రోజో ఒకమ్మాయి చేతిలో ఇమిడే పెట్టెతో వస్తుంది. నిద్రపోతున్న పసిగుడ్డు చెవిలో మెత్తటి రబ్బరు మొన పెట్టి, మీట నొక్కి, కాసేపు గమ్మునుండమంటుంది. తర్వాత ‘పాస్’ అనో ‘రిఫర్’ అనో చెప్పి వెళ్లిపోతుంది. సూది లేదు, రక్తం తీయడం లేదు, బిడ్డ కుయ్యిమనదు. బిడ్డ ఏడవని పరీక్ష కూడా ఒక పరీక్షేనా? నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఎందరు బిడ్డల్ని పెంచాం మనం! ఈ వినికిడి పరీక్షను ఎట్టా ఎగ్గొట్టాలో చెబుతాను, వినండి.

ముందు, చెవి బదులు పలుకుతుందని ఆ అమ్మాయి అంటే, చెవి వినాలిగానీ పలకడమేందని వాదనకు దిగండి. మీకు తోడున్నారు. లోపలి చెవి ఊరికే వినే గొట్టం కాదని, సొంత శక్తితో శబ్దాన్ని పెంచుకుంటుందని 1948లో థామస్ గోల్డ్ అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ముప్పయ్యేళ్లు గడిచాక, 1978లో, లండన్‌లో డేవిడ్ కెంప్ చెవిలో చిన్న మైకు పెట్టి ‘టిక్’ మనిపించాడు. కొన్ని మిల్లీసెకన్లు ఆగి చెవి బదులు పలికింది. నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో పన్నెండు వేల దాకా వెలుపలి రోమకణాలుంటాయి. శబ్దం సోకితే అవి సాగుతూ ముడుచుకుంటూ ఊగుతాయి. ఆ ఊపులో కొంత వెనక్కి తిరిగి, కర్ణభేరిని కదిలించి బయటపడుతుంది. కణాలు బాగుంటే బదులొస్తుంది, దెబ్బతింటే రాదు. ఆ పెట్టె వినేది దీన్నే. అంతటి శాస్త్రవేత్తలే ముప్పయ్యేళ్లు నమ్మకపోతే, మీరు మూడేళ్లు నమ్మకపోవడం ఏపాటి?

పైగా మన పరీక్ష మనకుంది. స్టీలు కంచం, గరిటె. నాయనమ్మ ఉయ్యాల వెనక నిలబడి ఠంగుమనిపిస్తుంది, పిల్లోడు తల తిప్పుతాడు, ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు. వాడు చూసింది నాయనమ్మ చేయి నీడేమోనని అనుమానపడకండి. ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది కంచం మోత పట్టేస్తుందనీ, అంత మోత వినపడ్డ బిడ్డకు అమ్మ గుసగుస వినపడకపోవచ్చనీ డాక్టర్లంటారు. అననీయండి. దాదాపు అందరూ పాసయ్యే పరీక్ష ఎంత చల్లనిది!

ఇంత చెప్పినా ఆ అమ్మాయి పెట్టె పెట్టేసి ‘రిఫర్’ అందనుకోండి. పెట్టె చెడిపోయిందని తేల్చేయండి, లేదా బిడ్డకు చెవుడేనని గుండెలు బాదుకోండి. రెంటిలో ఏది చేసినా ఫలితం ఒకటే, రెండోసారి చూపించరు. పుట్టిన కొత్తలో చెవిలో ఉమ్మనీరో తెల్లటి పూతో మిగిలిపోయి బదులు బయటికి రాకపోవడం మామూలేననీ, కొన్నాళ్లాగి మళ్లీ చూస్తే చాలామంది పాసవుతారనీ ఆమె చెప్పబోతుంది, మధ్యలోనే లేచిపోండి. ‘పాస్’ అంటే మాత్రం జీవితాంతానికి పూచీ రాసిచ్చినట్టే అనుకోండి. గాజుపెట్టెలో పెట్టిన బిడ్డకూ, పచ్చకామెర్లు బాగా ముదిరిన బిడ్డకూ బెరా పరీక్ష కూడా కావాలంటారు, ఎందుకంటే ఈ పెట్టె చెవి మాటే వింటుంది, చెవి వెనక నరం మాట వినదు. వాళ్ల పెట్టెకే వినపడని నరం సంగతి మనకెందుకు? మేనరికమా అని అడిగితే “అబ్బే, దూరపు చుట్టం” అనండి. మీ ఆయన మీ సొంత మేనత్త కొడుకైనా సరే.

ఇక కాలం గడపడం. నెలలోపు పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకల్లా వినికిడి యంత్రమో మరో చికిత్సో అని డాక్టర్ల లెక్క. మన లెక్క నిదానం. మొదటి ఏడు చూద్దాం. రెండో ఏడు వస పోద్దాం. మూడో ఏడు కోటప్పకొండకు మొక్కుకుందాం. “మా తాతకు నాలుగో ఏట మాటలొచ్చాయి, ఆ తర్వాత ఊరు ఊరంతా ఆయన నోరు మూయించలేకపోయింది” అని చెప్పే చుట్టం ప్రతి ఇంట్లో ఉంటాడు, ఆయన్ను పిలిచి భోజనం పెట్టండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, దానికి వయసు పరిమితీ ఉంది. చుట్టం భోంచేసి లేచేలోపు అది దాటిపోతుంది.

పాసైన చెవుల్ని కూడా వదలొద్దు. శివరాత్రికి ప్రభల దగ్గర డీజే పెట్టెల ముందు పిల్లోణ్ణి భుజాన ఎత్తుకుని నిలబడండి. పిడుగురాళ్ల వైపు రాయి కొట్టే క్రషర్లలో పనిచేసే అన్నలు చెవులకు ఏమీ పెట్టుకోకండి, మగతనానికి మచ్చ. మోతకు ముందు దెబ్బతినేది ఆ వెలుపలి రోమకణాలే, ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. వినికిడి కొలిచే ఆడియోగ్రామ్‌లో తేడా పడకముందే చెవి బదులు సన్నగిల్లడం ఒక్కోసారి కనబడుతుంది కూడా. కాబట్టి పెద్దవాళ్లూ ఆ పెట్టె దరిదాపులకు పోకండి.

చివరగా ఒక మాట. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టు చెవుడు ఉంది కాబట్టి, ఆశా కార్యకర్త మీ ఇంటికొచ్చి పరీక్షకు తీసుకెళ్లమని పోరు పెట్టొచ్చు. వెళ్లక తప్పకపోతే, పొద్దుటి నుంచి బిడ్డకు కునుకు పట్టనీయకండి, పాలూ పట్టకండి. ఆకలితో గుక్కపెట్టి ఏడుస్తుంటే మైకుకు ఆ ఏడుపే వినిపిస్తుంది, చెవి పలికింది వినపడదు.