అది వేరే బాబాయ్!

గొప్ప దేశం అనిపించుకోవాలంటే ముందు దేశమంటూ ఒకటి ఉండాలని మనలాంటి అమాయకులం అనుకుంటాం. అమెరికాలో గొప్పతనమే ముందు పడవెక్కింది. 1630లో జాన్ విన్‌త్రోప్ తన ప్యూరిటన్ బృందాన్ని వెంటబెట్టుకుని మసాచుసెట్స్‌కు బయల్దేరుతూ, మనం కొండమీది పట్టణం కాబోతున్నాం, లోకం కళ్లన్నీ మనమీదే ఉంటాయని చెప్పేశాడు. అప్పటికి ఆ బృందానికి అక్కడ తలదాచుకోవడానికి సరైన పాక లేదు. లోకానికీ అప్పట్లో వేరే పనులున్నాయి. మూడున్నర శతాబ్దాల తరవాత రోనాల్డ్ రీగన్ ఆ పట్టణానికి మెరుగు పెట్టి, అది ధగధగా మెరుస్తోందని కూడా ప్రకటించాడు.

ఆ ప్యూరిటన్లు మతస్వేచ్ఛ కోసమే వచ్చారు. అందులో అబద్ధం లేదు. ఇంగ్లండు చర్చితో వేగలేక సముద్రం దాటారు. ఎవరి స్వేచ్ఛ అని మాత్రం అడక్కూడదు. రోజర్ విలియమ్స్ అనే పాస్టరు అడిగాడు. మనిషి మనస్సాక్షితో సర్కారుకేం పని అన్నాడు. 1635లో ఆయనకు బహిష్కరణ వేశారు. ఆన్ హచిన్సన్ తన ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టుకుని పాస్టర్ల ప్రసంగాలకు వంకలు పెట్టింది. ఆమెనూ సాగనంపారు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖవాళ్లు వస్తే కొరడాలతో కొట్టారు, చెవులు కోశారు. అయినా సిగ్గులేకుండా మళ్లీ వస్తున్నారని ఉరి తీశారు. 1660లో బోస్టన్‌లో మేరీ డయ్యర్‌ను ఉరికంబం ఎక్కించినవాళ్లు మతహింసను ఎరగనివాళ్లేం కాదు, బాగా అనుభవం ఉన్నవాళ్లే. ఇప్పుడామె కంచు విగ్రహం మసాచుసెట్స్ శాసనసభ భవనం ముందు కూర్చుని ఉంది. బతికుండగా ఊళ్లోకి రానివ్వని మనిషికి శాశ్వత నివాస హక్కు ఇచ్చారన్నమాట.

క్రిస్మస్ సంగతి ఇంకా బాగుంటుంది. 1659 నుంచి 1681 దాకా మసాచుసెట్స్‌లో క్రిస్మస్ పండగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా. అది బైబిల్లో లేని పండగని ప్యూరిటన్ల వాదం. ఏటా డిసెంబరులో టీవీల్లో కూర్చుని ‘క్రిస్మస్ మీద యుద్ధం జరుగుతోంది’ అని గొంతు చించుకునే పెద్దమనుషులు ఈ గడ్డమీద ఆ యుద్ధం ఎవరు మొదలెట్టారో తవ్వుకుంటూ పోతే, తాము రోజూ దండం పెట్టుకునే తాతముత్తాతలే తగులుతారు.

అయితే అమెరికా మాట తప్పే దేశం కాదు. తాలూకా ఆఫీసులో ఫైలులాగా ఆర్డరు కాపీ చేతికందడమే కాస్త ఆలస్యం. విలియమ్స్ బహిష్కరణ 1936లో రద్దయింది. హచిన్సన్‌కు 1987లో క్షమాభిక్ష దొరికింది. మార్మన్లనే మతశాఖవాళ్లను రాష్ట్రం నుంచి తరిమేయండి, లేదా నిర్మూలించండి అని 1838లో మిస్సోరి గవర్నరు ఇచ్చిన హుకుం 1976 వరకూ కాగితం మీద అలాగే ఉంది. అన్నిటికన్నా అడుగున పడిపోయిన ఫైలు ఆ నేల అసలు సొంతదార్లది. 1883 నుంచి ఆదివాసీల సూర్యనృత్యం నేరం. చేస్తే రేషను కట్, లేదంటే జైలు. నిషేధం 1930ల్లో సడలినా, వాళ్ల మతాచారాలను కాపాడతామంటూ చట్టం వచ్చింది 1978లో. అందరికన్నా ముందు నుంచీ ఉన్నవాళ్లు వరసలో అందరికన్నా వెనక నిలబడ్డారు.

థామస్ జెఫర్సన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం నా వెటకారానికి కాళ్లు తడబడతాయి. ఆయన రాసిన వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం 1786లో పాసైంది. పీఠికలో ఏసుక్రీస్తు పేరు చేర్చాలని కొందరు పట్టుబడితే సభ ఒప్పుకోలేదు. ఆ ముచ్చట తన ఆత్మకథలో చెబుతూ, యూదులు, క్రైస్తవులు, ముసల్మానులు, హిందువులు, ఏ దేవుణ్నీ నమ్మనివాళ్లు అందరూ ఈ చట్టం కిందికే వస్తారని జెఫర్సన్ రాసుకున్నాడు. హిందువులట! జన్మలో ఒక్క హిందువునైనా చూశాడో లేదో. సప్తసముద్రాల అవతలి మనిషి హక్కు ఆయనకు అంత తేటగా కనిపించింది. మాంటిచెల్లో కొండమీద తన కిటికీలోంచి కనిపించే మనుషుల సంగతి వేరు. జీవితకాలంలో ఆరువందల మందికి పైగా బానిసలకు ఆయన యజమాని.

1790లో జార్జ్ వాషింగ్టన్ న్యూపోర్ట్ యూదులకు, ఈ దేశంలో మీకు భయం లేదని చక్కటి ఉత్తరం రాశాడు. పౌరసత్వం స్వతంత్రులైన తెల్లవారికే అన్న చట్టం వచ్చిందీ ఆ ఏడే. ఆ షరతు చూపించే 1923లో సుప్రీంకోర్టు, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌ను నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది. ఈ ఆదర్శాలను నిజంగా నమ్మిందెవరంటే, రాసినవాళ్లకన్నా గడప బయట నిలబడి చదువుకున్నవాళ్లేనని నా అభిప్రాయం. 1852లో ఫ్రెడరిక్ డగ్లస్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను తెల్లవాళ్ల ముందు పెట్టి, జులై నాలుగు ఎవరి పండగని నిలదీశాడు. ఆయన బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాడు.

ఆ గడప దాటి ఇప్పుడు మనవాళ్లూ లోపలికి వెళ్లారు. హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో 2024లో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుడు వెలిశాడు. మరుసటి ఏడు, టెక్సస్ నుంచి సెనేట్‌కు పోటీపడుతున్న ఒక నాయకుడు, మనది క్రైస్తవ దేశం, ఈ అబద్ధపు దేవుడెందుకని ట్వీటాడు. ఈ ప్రభుత్వం క్రైస్తవం పునాదిగా ఏర్పడింది కాదని రాసి ఉన్న ట్రిపోలీ ఒప్పందాన్ని 1797లో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదించింది ఆయన వెళ్లాలనుకున్న ఆ సెనేటే.

ఆ హనుమంతుడికి దగ్గర్లోనే ఉండే మా అన్నయ్య కొడుకు ఆ ట్వీటు చూసి ఫోన్లో మండిపడ్డాడు. “ఫస్ట్ అమెండ్‌మెంట్ ఉంది బాబాయ్! ఎవడి దేవుణ్ని వాడు కొలుచుకునే హక్కు ఉంది. మెజారిటీ అయినంత మాత్రాన దేశం వాళ్ల సొంతమా?”

నా కళ్లు చెమర్చాయి. ఇంత చక్కగా మాట్లాడేవాణ్ని మా వంశంలో చూడలేదు. “మరి ఒరేయ్, మన ఊరి చివర రేకుల షెడ్డులో ప్రార్థన చేసుకునేవాళ్లను ఖాళీ చేయించాలని ఫ్యామిలీ గ్రూపులో పొద్దున నువ్వు పెట్టిన మెసేజీ?”

“అది వేరే బాబాయ్.”

విన్‌త్రోప్ కూడా సరిగ్గా ఈ గొంతుతోనే అని ఉంటాడు. నేను ఊరుకోక ప్యూరిటన్ల దగ్గర మొదలెట్టి, మేరీ డయ్యర్, సూర్యనృత్యం, థింద్ కేసు అన్నీ ఏకరువు పెట్టాను. వాడు ఓపిగ్గా విన్నాడు. “బాబాయ్, వచ్చేనెల నా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. వలసవాళ్లు అమెరికాకి ఎందుకొచ్చారని అడుగుతారు. మతస్వేచ్ఛ కోసం అంటే మార్కేస్తారు. నువ్వు చెప్పిందంతా చెప్తే ఆఫీసరు నన్ను లేపి పంపించేస్తాడు.”

“మతస్వేచ్ఛ అంటే ఏమిటని కూడా అడుగుతారటగా?”

“ఆఁ. ఏ మతమైనా పాటించొచ్చు, ఏదీ పాటించకపోనూ వచ్చు. బట్టీ కొట్టేశా.”